రెండు చేతుల పట్టు

ఫైర్ స్టేషన్, మేడమీద గది

మావయ్యకి,

నమస్కారం. ఫోన్ చేస్తే "ఊ, ఆ, సరే, పెట్టేస్తున్నా" తప్ప నీ నోట్లోంచి ఇంకో మాట రాదు. అందుకని ఉత్తరం రాస్తున్నాను. కాగితం మీదైనా నాలుగు ముక్కలు మాట్లాడతావేమో చూద్దాం.

నన్ను విషవాయువుల దళంలోకి తీసుకున్నారు. అమ్మకి మాత్రం ఇంకా నీళ్ళ బండి మీదే ఉన్నానని చెప్పాను. నిన్నడిగితే నువ్వూ అదే చెప్పు.

ఈ దళం పని మంటలార్పడం కాదు. యాసిడ్ లారీ బోల్తా పడినా, ఎక్కడైనా గ్యాస్ కారినా మేం వెళ్ళాలి. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఈ సామాను మా దగ్గరే ఉంది. మామూలు ఫైర్ బట్టలు దానికి పనికిరావు. సూటు అని ఒకటుంది. తల నుంచి బూట్ల దాకా ఒకటే సంచి. వీపుకి గాలి సిలిండరు, ముఖానికి మాస్కు తగిలించుకుని, వాటితో సహా ఆ సంచిలోకి దిగాలి. ముఖం ముందు ప్లాస్టిక్ కిటికీ. చేతులకి ఒకదాని మీద ఒకటి మూడు జతల గ్లవ్స్. వాటితో చెంబు ఎత్తడమే గగనం.

నీకు నవ్వొచ్చే సంగతి చెప్తాను. సూటుకి చిల్లి ఉందో లేదో ఎలా చూస్తారో తెలుసా? గాలి కొట్టి బూరలా ఉబ్బించి, కుట్ల మీద సబ్బు నీళ్ళు రాస్తారు. బుడగొస్తే చిల్లి. మొదటిసారి చూసి పకపకా నవ్వేశాను. "ఏంటమ్మా, మాకూ చెప్తే మేమూ నవ్వుతాం కదా" అన్నారు ఆఫీసరు గారు. "మా మావయ్య సైకిల్ ట్యూబుకి చేసేది ఇదేనండీ" అన్నాను. "అయితే ఆయన్నీ చేర్చుకుందాం. జీతం మాత్రం అడగొద్దను" అన్నారు.

లోపల ఉంటే ఒకరి మాట ఒకరికి వినిపించదు. రేడియో ఉంటుంది కానీ ఒక్కోసారి గురగుర తప్ప ఏమీ రాదు. అందుకని సైగలు. గొంతు పట్టుకుంటే గాలి అయిపోయిందని. తల మీద చేతులూపితే సాయం కావాలని. బొటనవేలు ఎత్తితే బాగున్నానని. ఎదుటి మనిషి మణికట్టుని రెండు చేతులతో పట్టుకుంటే, పద, ఇప్పుడే బయటికి అని. ఆ పట్టు పడ్డాక ఎందుకని అడగకూడదు, వెనక్కి చూడకూడదు, లేచి రావడమే.

నీకు సరిపోయే భాష కదూ! ఒక్క మాటా అక్కర్లేదు.

లోపలికి ఎప్పుడూ ఇద్దరిద్దరుగా వెళ్ళాలి. నా జత మనిషి తాడిచెట్టులా పొడుగు. అందరూ నిచ్చెన అంటారు. నేను నిచ్చెనన్న అంటాను. సూటులో కూడా మోకాళ్ళ దగ్గర మడతలు పడకుండా ఉండేది అతనొక్కడికే.

జవాబు రాయి. "ఊ" అని మాత్రం రాయకు.

నీ
అమ్మడు


సైకిల్ కొట్టు, ఐసు ఫ్యాక్టరీ గోడ పక్కన

అమ్మడూ,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను.

నాకు భయంగా ఉంది.

మీ అమ్మకి చెప్పను. మీ అమ్మ అడిగితే నాకు అబద్ధం రాదు, కాబట్టి ఎదురుపడకుండా తిరుగుతాను.

ఆ సంచి జిప్పు ఎవరు వేస్తారు? లోపలున్న మనిషి తనంతట తాను తీసుకోగలడా? ఈ రెండూ రాయి.

సైగలు నేర్చుకున్నాను. ఫ్యాక్టరీ వాచ్‌మన్ టీకి వస్తే అతని మణికట్టు రెండు చేతులతో పట్టుకుని చూశాను. "ఏంటి పెద్దాయనా, పెళ్ళి చూపులా?" అన్నాడు. సిగ్గేసి వదిలేశాను.

ఇక్కడ అంతా మామూలే. ఫ్యాక్టరీ వాసన ఎప్పుడూ ఉండేదే.

మావయ్య


ఫైర్ స్టేషన్

మావయ్యా,

ఏం వాసన?

ఎప్పుడూ ఉండేదే అని రాసి ఊరుకుంటే ఎలా? ఐసు ఫ్యాక్టరీల్లో చల్లదనానికి వాడేది అమ్మోనియా. ఘాటుగా, ముక్కులోంచి తలకెక్కేలా ఉంటుందా? కళ్ళు మండుతున్నాయా? వాచ్‌మన్‌కి చెప్పు. అతను వినకపోతే మేనేజరుకి చెప్పు. నీకు మొహమాటమైతే నాకు రాయి, మా ఆఫీసరు గారి చేత కాగితం పెట్టిస్తాను.

జాగ్రత్తగా చదువు. ఎప్పుడైనా ఎక్కువగా వస్తే ముక్కుకి తడిగుడ్డ అడ్డం పెట్టుకుని వెంటనే బయటపడు. గాలి ఎటు నుంచి వీస్తోందో అటే, ఎదురుగా నడవాలి. గాలితో పాటు పరిగెత్తితే గ్యాసు నీ వెంటే వస్తుంది. మేం బండి దిగగానే చేసే మొదటి పని కర్రకి ఒక పీలిక కట్టి గాలి వాలు చూడటం. నువ్వూ కొట్టు ముందు ఏదో ఒకటి కట్టుకో.

నేను బాగున్నాను. పనెక్కువ. పెద్ద ఉత్తరం రాయలేను.

అమ్మడు


సైకిల్ కొట్టు

అమ్మడూ,

పాత ట్యూబు చీల్చి పీలిక కోసి కర్రకి కట్టాను. బాగానే ఆడుతోంది. "పార్టీ ఏమైనా పెడుతున్నావా పెద్దాయనా, జెండా కట్టావు?" అన్నాడు వాచ్‌మన్. వాసన సంగతి అతనికి చెప్పాను. "నువ్వు ముసలాడివయ్యావు, నీ ముక్కు కుర్రదైంది" అన్నాడు. మేనేజరు దగ్గరికి వెళ్ళాను. గేటు దాకా వెళ్ళాను. లోపల ఎవరో మాట్లాడుతుంటే వెనక్కి వచ్చేశాను.

నేను అడిగిన రెండూ నువ్వు రాయలేదు.

నువ్వు ఇంత చిన్న ఉత్తరం ఎప్పుడూ రాయలేదు. చిన్న ఉత్తరాలు రాసేది నేను.

ఏమైంది?

మావయ్య


ఫైర్ స్టేషన్, మేడమీద గది

మావయ్యా,

నీకు రాయకూడదనే అనుకున్నాను. నువ్వడిగాక రాయకుండా ఉండలేకపోతున్నాను. చదివి చించెయ్.

నా మొదటి ఉత్తరం నీకు అందాక కొన్నాళ్ళకి ఒక ఈతకొలను పక్క గిడ్డంగిలో క్లోరిన్ సిలిండరు కారింది. నేనూ నిచ్చెనన్నా లోపలికి వెళ్ళాం. కిటికీలు లేని గది. టార్చి వెలుగులో గాలి పచ్చగా, పసుపుగా కనిపించింది. గాలికి రంగుండటం నేనెప్పుడూ చూడలేదు.

సూటులో మొదట వినిపించేది మన ఊపిరే. ఇంకేమీ వినిపించదు. ఎవరో మన వెనకే నిలబడి, మెడ మీద రొప్పుతున్నట్టు ఉంటుంది. తరవాత ముందున్న కిటికీకి ఆవిరి పట్టింది. నిచ్చెనన్న కనిపించలేదు. గోడ కనిపించలేదు. నా చెయ్యి కూడా కనిపించలేదు.

అలా ఆవిరి పడితే ఏం చెయ్యాలో నేర్పారు. సూటు వదులుగా ఉంటుంది కదా, ఒక చేతిని గ్లవ్ లోంచి, చొక్కా చేతిలోంచి లాగినట్టు లోపలికి లాక్కోవాలి. లోపల చిన్న గుడ్డ ఉంటుంది. దానితో కిటికీ తుడుచుకుని చెయ్యి మళ్ళీ తొడుక్కోవాలి. ఎన్నోసార్లు చేశాను.

ఆ రోజు చెయ్యి లోపలికి లాక్కున్నాను. అది గుడ్డ కోసం వెళ్ళలేదు మావయ్యా. మాస్కు పట్టీ దగ్గరికి వెళ్ళింది. ఊడదీసేద్దామని. ఊడదీస్తే గాలి ఆడుతుందని అనిపించింది. చుట్టూ ఏముందో నాకు తెలుసు, తెలిసీ వేళ్ళు పట్టీ లాగుతున్నాయి. ఒక పక్క వదులైంది కూడా.

సూటు చెయ్యి ఖాళీగా వేలాడుతుండటం నిచ్చెనన్న చూశాడు. నా రెండో మణికట్టుని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ పట్టు ఏమిటో నీకు తెలుసు కదా. బయటికొచ్చేశాం. నా చెయ్యి ఎంత వణికిందంటే, అతని చేతులు కూడా దానితో ఊగిపోయాయి.

ఆఫీసరు గారు "అందరికీ అవుతుందమ్మా" అన్నారు. తిట్టినా బాగుండేది.

అప్పటినుంచి నేనే అడిగి కడుగుడు పని వేయించుకున్నాను. లోపలికి వెళ్ళొచ్చిన వాళ్ళని సూటుతోనే తొట్టెలో నిలబెట్టి, బ్రష్షులతో సబ్బు నీళ్ళతో రుద్ది, కడిగాకే జిప్పు తియ్యాలి. అది నా పని. మాకు మాస్కూ పైన కోటూ ఉంటాయి కానీ ఆ సంచి ఉండదు. నెలాఖరుకి మళ్ళీ సూటు వేసుకుని పొగ గది, అంటే పరీక్షకని పొగ నింపే గది, దాటి చూపించాలి. దాటకపోతే నన్ను ఆఫీసులో ఫోన్ల దగ్గర కూర్చోబెడతారు. నిన్న ఎవరూ లేనప్పుడు సామాను గదికి వెళ్ళాను. మేకులకి వరసగా వేలాడుతున్నాయి సూట్లు. తలలు వంచుకుని నిలబడిన మనుషుల్లా. నాదాన్ని ముట్టుకోలేకపోయాను.

ఎవరికీ చెప్పకు.

అమ్మడు


సైకిల్ కొట్టు

అమ్మడూ,

చించెయ్యమన్నావు. చించలేదు. ట్యూబుల పెట్టెలో పెట్టాను.



నాకు భయమేస్తే కాళ్ళు కదలవు. నీకు తెలియదు. పక్క సందులో పిచ్చికుక్క తరిమినప్పుడు అందరూ పరిగెత్తారు, నేను అక్కడే కూర్చుండిపోయాను. అది నన్ను వదిలేసి పరిగెత్తేవాళ్ళ వెంట పడింది. అందరూ నన్ను ధైర్యవంతుడన్నారు. నేను కాదనలేదు.

నువ్వు అక్కడ ఉండాలని రాసిపెట్టి లేదు. ఇష్టం లేకపోతే వచ్చెయ్. కొట్టు ఉంది. నీకు పంక్చర్ వేయడం వచ్చు.

వాసన ఈ మధ్య ఎక్కువైంది. పొద్దున్నే కళ్ళు నీళ్ళు కారుతున్నాయి. నువ్వు కంగారు పడతావని ఇంతకుముందు రాయలేదు. ఇప్పుడు నువ్వు నిజం రాశావు కాబట్టి నేనూ రాశాను. మీ ఆఫీసరు గారి చేత కాగితం పెట్టించు.

మావయ్య


ఆసుపత్రి, కింది వరండా

అమ్మడూ,

కళ్ళకి కట్టు విప్పారు. అక్షరాలు వంకరపోతే ఏమీ అనుకోకు. ఊపిరి బాగానే ఆడుతోంది. దగ్గు ఉంది. గొంతు కాలింది, మాట రావడం లేదు. ఎవరూ తేడా కనిపెట్టలేదు.

నువ్వొచ్చావు. నాకు అదే చాలు.

ఎలా జరిగిందో రాస్తాను. నువ్వు బయటి నుంచి వచ్చావు, లోపల ముందేం జరిగిందో నీకు తెలియదు కదా.

మధ్యాహ్నం. ట్యూబు నీళ్ళలో ముంచి బుడగ కోసం చూస్తున్నాను. గోడ అవతల బుస్సుమంది. పెద్ద ట్యూబు వాల్వు ఊడినట్టు. అది ఆగలేదు. తలెత్తితే గోడ మీద నుంచి తెల్లగా పొగ, పాలు పొంగినట్టు ఇటు పొర్లి దిగుతోంది. రబ్బరు పీలిక తిన్నగా నా కొట్టు వైపే చూపిస్తోంది.

వీధి అంతా అరుపులు. వాచ్‌మన్ "పెద్దాయనా రా, రా!" అని కేకేసి పరిగెత్తాడు. నువ్వు రాసినవన్నీ గుర్తొచ్చాయి. తడిగుడ్డ. గాలికి ఎదురుగా. అన్నీ గుర్తున్నాయి.

కాళ్ళు కదల్లేదు.

తొట్టి పక్కనే కూలబడ్డాను. గుడ్డ తడిపి ముఖానికి అదుముకున్నాను. కళ్ళలో కారం కొట్టినట్టు. ఊపిరి పీలిస్తే లోపల గీరుకుపోతోంది. గుమ్మం కనిపించలేదు. అంతా తెలుపు. చావు నల్లగా ఉంటుందనుకునేవాణ్ణి.

కాసేపటికో చాలాసేపటికో తెలియదు, ఆ తెలుపులో ఒకటి కదిలింది. తలుపంత ఉంది. ముఖం లేదు. ముఖం ఉండాల్సిన చోట ఆవిరి పట్టిన అద్దం. బుస్, బుస్ అని ఊపిరి. వెనక ఇంకొకటి. సూట్ల గురించి ఇన్ని ఉత్తరాలు చదివీ, చూడగానే హడలిపోయాను. గ్యాసు కంటే దానికే ఎక్కువ భయపడ్డాను. బల్ల కిందికి పాక్కుంటూ పోయాను. అది చెయ్యి చాపింది. నేను తన్నాను కూడా. తగిలిందా?

అప్పుడది నేల మీద కూర్చుంది. నా మణికట్టుని రెండు చేతులతో పట్టుకుంది.

లేచాను. కాళ్ళు ఎలా వచ్చాయో తెలియదు. ఎందుకని అడగలేదు. వెనక్కి చూడలేదు. నువ్వేనని తెలిసిపోయింది. ఎలా తెలిసిందో నువ్వొచ్చినప్పుడు చెప్తాను.

తరవాత కళ్ళు తెరవలేకపోయాను. ఎవరో తొట్టెలో నిలబెట్టి నీళ్ళు పోశారు. మెత్తగా రుద్దారు. చెవుల వెనక కూడా రుద్దారు. "దండం బాబూ, చల్లగా ఉంది" అన్నాను. బదులు పలకలేదు. పనిలో ఉన్నట్టుంది. ఆయనెవరో కనుక్కుని నా దండం చెప్పు.

నువ్వు మళ్ళీ ఆ సంచిలోకి దిగావు. నా కోసం. నెలాఖరు పరీక్ష నీకింక లెక్క కాదు.

మావయ్య


ఫైర్ స్టేషన్, మేడమీద గది

మావయ్యా,

ఈ ఉత్తరం ఎన్నిసార్లు మొదలుపెట్టానో. ఆసుపత్రి గేటు దాకా వచ్చి, నీలాగే తిరిగి వచ్చేశాను.

అది నేను కాదు.

ఆఫీసరు గారు రేడియోలో వీధి పేరు చదవగానే నా చేతిలో బ్రష్షు జారిపోయింది. బండిలో దారి పొడుగునా అనుకున్నాను, ఈసారి వేసుకుంటాను, ఈసారి వేసుకుంటాను అని. దిగాక సూటు తీసి నేల మీద పరిచారు. నిచ్చెనన్న నా వైపు చూశాడు. "నేను లోపలికి వెళ్తాను, ఆయన మా మావయ్య" అని చెప్పాలి. నోరు తెరిచాను. కానీ నా కళ్ళు ఆ కిటికీ మీదే ఉన్నాయి. కిందికి చూశాను. నా బూట్లు చూసుకున్నాను. నిచ్చెనన్నే సూటు ఎత్తుకున్నాడు. జతకి ఇంకొకరు వెళ్ళారు.

నేను చేసింది ఒక్కటే. నిచ్చెనన్న మాస్కు పెట్టుకునే ముందు అతని భుజం పట్టుకుని, "అన్నా, ఆయన పరిగెత్తి ఉండడు, కొట్లోనే ఉంటాడు. పిలిస్తే పలకడు. లాగితే రాడు. మణికట్టు రెండు చేతులతో పట్టుకో, వచ్చేస్తాడు" అన్నాను. అంతే. నిన్ను వాళ్ళకి అప్పగించి, నేను గాలి మంచిగా ఉన్న వైపు, తొట్టె దగ్గర నిలబడ్డాను. తెల్లటి పొగలోకి చూస్తూ.

చెవుల వెనక రుద్దింది నేను. చిన్నప్పుడు నువ్వు నాకు రుద్దినట్టే. నువ్వు "దండం బాబూ" అన్నావు. మాస్కు ఉంది కాబట్టి పలకలేదని రాయొచ్చు. మాస్కు లేకపోయినా పలికేదాన్ని కాదు.

నేను ఆ తొట్టె దగ్గర నిలబడి నువ్వు బయటికి రాకపోతే ఏం చేసేదాన్ని? రాత్రుళ్ళు అదే ఆలోచన. సోమవారం ఆఫీసరు గారికి చెప్పేస్తాను, దళంలోంచి తీసెయ్యమని. నిచ్చెనన్న లాంటి వాళ్ళకే ఆ పని. అతను కొండ. నేను కాదు.

పోపో అనకుండా నీ కొట్లో ఒక మూల ఇవ్వు.

అమ్మడు


ఆసుపత్రి

అమ్మడూ,

సోమవారంలోగా అందాలని వార్డు బాయ్ చేత స్టేషన్‌కే పంపిస్తున్నాను.

నువ్వేనని ఎలా తెలిసిందో వచ్చినప్పుడు చెప్తానన్నాను. ఇప్పుడే చెప్పాలి.

నా మణికట్టు పట్టుకున్న చేతులు వణుకుతున్నాయి. మూడు గ్లవ్స్ లోంచి తెలిసింది. జ్వరమొచ్చిన మనిషి చేతుల్లా. నువ్వు క్లోరిన్ గది సంగతి రాశావు కదా. అంత భయం ఉన్న మనిషి ఒక్క అమ్మడే అనుకున్నాను. అందుకే నువ్వనుకున్నాను. అందుకే లేచాను.

వణకని చేతులైతే లేచేవాణ్ణి కాదేమో.

నీ చేతులు కాకపోతే మరి అవి ఎవరివి?

వెళ్ళి ఆయన్ని అడుగు.

కొట్లో మూల ఎప్పుడూ ఉంటుంది. ముందు అడుగు.

మావయ్య


ఫైర్ స్టేషన్, సామాను గది

మావయ్యా,

అడిగాను.

నిచ్చెనన్న సూటుకి సబ్బు నీళ్ళు రాస్తున్నాడు. నీ ఉత్తరం చేతికిచ్చాను. చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ముసలాయన గట్టివాడే. పొట్టలో తన్నింది కాక, పైన గుట్టు కూడా బయటపెట్టాడు" అన్నాడు.

"నిజమేనా అన్నా?"

"ఏది? తన్నడమా?"

"వణకడం."

బుడగలు చూస్తూనే చెప్పాడు. "ప్రతిసారీనే. జిప్పు పడ్డ దగ్గర్నుంచి తీసేదాకా. గ్లవ్స్ మూడు జతలు కాబట్టి ఎవరికీ కనపడదు."

"క్లోరిన్ గదిలో కూడానా? నన్ను పట్టుకున్నప్పుడు?"

"మరి? ఆ వణుకంతా నీదే అనుకున్నావా ఏంటి? సగం నాది, ఇచ్చెయ్."

నవ్వాను మావయ్యా. ఏడ్చాను కూడా, కానీ ముందు నవ్వాను. ఇన్నాళ్ళూ నా మణికట్టు మీద ఆ ఊపు గుర్తొస్తే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. అందులో సగం వేరేవాళ్ళది.

సోమవారం ఆఫీసరు గారి దగ్గరికి వెళ్ళి, తీసెయ్యమని అడగలేదు. పొగ గదికి నా పేరు రాయమన్నాను.

నువ్వు ముందే అడిగావు, జిప్పు ఎవరు వేస్తారని, లోపలున్న మనిషి తీసుకోగలదా అని. భయమేసి అప్పుడు జవాబు రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. తనంతట తాను తీసుకోవడం కుదరదు. బయట ఒకరుండాలి. ఈ రోజు నిచ్చెనన్న నాది వేశాడు. పొగ గదిలో కిటికీకి ఆవిరి పట్టింది. ఊపిరి మెడ మీద రొప్పింది. చెయ్యి లోపలికి లాక్కున్నాను. మళ్ళీ మాస్కు వైపే వెళ్ళింది, అబద్ధం చెప్పను. పట్టీని తాకింది. అక్కడే ఆగింది. తరవాత గుడ్డ దొరికింది. తుడుచుకున్నాను. ఎదురుగా నిచ్చెనన్న కిటికీ. అతని ముఖం నాకంటే ఎక్కువ చెమట్లు పట్టి ఉంది.

దాటాను. అమ్మకి మాత్రం నువ్వే చెప్పాలి. నాకు భయం.

అమ్మడు